పాత కుట్లలో నిలిచిన కడుపు

ఆషాఢం వెళ్ళిపోయి శ్రావణం వస్తోందంటే మన ఇళ్ళల్లో ఉండే హడావిడి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2019 జూలై చివరి వారం. అటక మీది డబ్బాలన్నీ దింపి తుడిచి, వరలక్ష్మీ వ్రతానికి కలశం చెంబు చింతపండు పెట్టి తోముతున్నాను. ఆ ఏడు వ్రతం ఆగస్టు 9న వచ్చింది. ఆ శుక్రవారానికి నేను బయట ఉంటానా, ఉండనా అని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటుంటే అప్పుడు తట్టింది, జూలైలో రావలసింది అసలు రానేలేదని!

అప్పటికి నాకు 39 ఏళ్ళు. మా అబ్బాయి పదో తరగతి, అమ్మాయి ఆరో తరగతి. మా పెద్దమ్మకి నలభైకే ఆగిపోయాయని అమ్మ చెప్తుండేది, నాకూ అదే మొదలైందేమో అనుకున్నాను. అయినా మనసు ఊరుకోక మెడికల్ షాపు నుంచి పరీక్ష కిట్టు తెప్పించుకుని చూసుకుంటే రెండు గీతలూ పడ్డాయి.

సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. మూతి మీద మీసం నూగు వస్తున్న కొడుకుని పక్కన పెట్టుకుని నేను నెల తప్పానంటే లోకం ఏమనుకుంటుంది? మేముండేది వెంగళరావు నగర్లో. మావారు ఫిల్మ్‌నగర్లో ఒక డబ్బింగ్ స్టూడియోలో లెక్కలు చూస్తారు. సినిమాల్లో అయితే హీరోయిన్ వాంతి చేసుకోగానే డాక్టరు నాడి పట్టుకుని శుభవార్త చెప్పేస్తాడు, ఇంటిల్లిపాదీ మిఠాయిలు పంచుకుంటారు. మా ఇంట్లో మాత్రం ఆ రాత్రి ఇద్దరం పంకా వైపు చూస్తూ పడుకున్నాం. "ఏం చేద్దామంటావు?" అన్నారు మావారు. "ఏం చేస్తామండీ, ఈ వయసులో" అన్నాను. అంతే, అంతకు మించి మాటల్లేవు.

మర్నాడు సాయంత్రం ఆయన కాగితం పొట్లంలో ఒక మాత్రల అట్ట తెచ్చిచ్చారు. అయిదు మాత్రలు. షాపులో కుర్రాడు ఒకటి ఇవాళ, మిగతా నాలుగూ ఎల్లుండి అని చెప్పాడట. డాక్టరు చీటీ లేకుండా ఆ మాత్రలు అమ్మకూడదని నాకప్పుడు తెలీదు. తెలిసినా ఆ క్షణంలో ఆగేదాన్ని కాదేమో! పిల్లలు స్కూలుకి వెళ్ళాక వేసుకుందామని పోపులడబ్బా వెనక దాచాను.

మర్నాడు పొద్దున్నే కింది పోర్షన్ పిన్నిగారు పెరుగుకి తోడు కోసం గిన్నె పట్టుకుని వచ్చారు. ఆవిడ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. ఎన్ని వేల కాన్పులు చూసిన కళ్ళో! గుమ్మంలో నిలబడి నా మొహంలోకి చూసి, "ఎన్నో వారం?" అన్నారు. నేను ఏడ్చేశాను. పోపులడబ్బా వెనక ఉన్న అట్ట తీసి చూపించాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"నీకు రెండు కాన్పులూ ఆపరేషన్లే కదా?"

"అవును పిన్నిగారూ."

"మరి కడుపు ఎక్కడ కూర్చుందో చూడకుండా మాత్ర మింగేస్తావా? ముందు స్కానింగ్ చేయించు. తర్వాత నీ ఇష్టం."

అట్ట ఆవిడే కొంగున ముడేసుకుని కిందికి తీసుకుపోయారు. తోడు మాత్రం మర్చిపోయారు.

జూలై 31న స్కానింగ్‌కి వెళ్ళాను. పొట్ట మీద చూసింది చాలక లోపలి నుంచి కూడా చూశారు. స్కానింగ్ చేస్తున్న డాక్టరమ్మ మొదట్లో మామూలుగానే మాట్లాడింది, తర్వాత మాట ఆగిపోయింది. తెర మీద గింజంత వెలుగు ఒకటి మినుకుమినుకుమంటోంది. "అదేనా గుండె?" అన్నాను. "అదేనమ్మా" అంది. నిజం చెప్తున్నాను, ఆ గది గుమ్మం దాటేవరకూ నాకు వద్దు, వద్దు, వద్దు. ఆ మినుకు చూశాక, ఏముందిలే, ఇద్దరితో పాటు మూడో కంచం పెట్టలేమా అనిపించింది. ఎంతసేపూ? ఒక నిమిషమేమో.

"మీ సిజేరియన్లు ఏ ఏడాదుల్లో అయ్యాయి?" అని అడిగింది. 2004, 2008 అని చెప్పాను. ఒక చీటీ రాసి కవర్లో పెట్టి, ఇంటికి కూడా వెళ్ళకుండా నేరుగా పెద్దాసుపత్రికి వెళ్ళమంది.

అక్కడి పెద్ద డాక్టరమ్మ నన్నూ మావారినీ కూర్చోబెట్టి కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. మనకి సిజేరియన్ చేసినప్పుడు పైన పొట్ట మీద కనిపించే కుట్లు వేరు, లోపల గర్భసంచికి పడే కుట్లు వేరు. గర్భసంచి కింది భాగంలో ముందు గోడని అడ్డంగా కోసి బిడ్డని తీసి మళ్ళీ కుట్టేస్తారు. చాలామందికి అది చక్కగా అతుక్కుపోతుంది. కొందరికి ఆ చోట గోడ పల్చబడి చిన్న గుంటలా మిగిలిపోతుంది. తర్వాతి కడుపు ఎప్పుడైనా, గర్భసంచి పైభాగంలో హాయిగా ఉండాల్సింది పోయి, దారి తప్పి ఈ గుంటలో నిలిచిపోవచ్చు. నాకు జరిగింది అదే. పిండానికీ మూత్రసంచికీ మధ్య మిగిలిన గోడ 2 మిల్లీమీటర్లు. 

"చూడమ్మా, గోడ పగుల్లో రావిమొక్క మొలిచిందనుకో. దాన్ని పట్టుకుని లాగితే ఏమవుతుంది?" అంది డాక్టరమ్మ.

"గోడ పెళ్ళ ఊడొస్తుంది" అన్నాను.

"అదే. మామూలుగా కడిగినట్టు కడిగేస్తే ఆ పెళ్ళ ఊడినచోట నుంచి రక్తం ఆగదు. కింది భాగంలో పట్టి ఆపడానికి కండ ఉండదు. ఆ మాత్రలు వేసుకుని ఇంట్లో ఉండి ఉంటే..." అని ఆపేసింది. మావారు కుర్చీలో కిందకి జారి కూర్చున్నారు. ఆ తర్వాత నెలరోజులు ఆయన నా మొహంలోకి సరిగ్గా చూడలేదు పాపం. ఆయన తప్పేముంది, నేనూ వద్దన్నదాన్నే.

ఉంచుకోవడానికి వీల్లేదా అని అడిగాను. అడిగి తీరాలనిపించింది. కొన్ని కడుపులు నెలలు నిండేవరకూ సాగిన సందర్భాలూ లేకపోలేదట. కానీ మావి గోడలోకీ మూత్రసంచిలోకీ వేళ్ళు దించేస్తుందనీ, గర్భసంచి మధ్యలోనే చిట్లవచ్చనీ, తల్లిని దక్కించుకోవడమే కష్టమవుతుందనీ చెప్పింది. ఉంచుకోమని సలహా ఇవ్వలేనంది. ఇద్దరు పిల్లలున్నారు, వాళ్ళ మొహాలు చూడు అంది. ఆ మాట మీద ఇంక నేనేం మాట్లాడతాను?

ఇది ప్రతి సిజేరియన్ తల్లికీ వచ్చే గొడవ కాదండోయ్, భయపడకండి. సుమారు రెండు వేల గర్భాల్లో ఒకటి ఇలా అవుతుందని లెక్క. సిజేరియన్ తర్వాత నిలిచే కడుపుల్లో దాదాపు అన్నీ మామూలు చోటే నిలుస్తాయి. వైద్య పత్రికల్లో ఈ సంగతి మొట్టమొదట 1978లో రాశారట. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఎక్కడో ఒకటీ అరా. ఇప్పుడు సిజేరియన్లు పెరిగాయి, లోపలి నుంచి చేసే స్కానింగులూ వచ్చాయి, అందుకని తరచుగా కనిపిస్తోంది. చిక్కేమిటంటే, చాలామందికి ఏ నొప్పీ ఉండదు. కొందరికి కాస్త మరకలా కనిపిస్తుందంతే. స్కానింగ్‌లో కూడా చూసేవాళ్ళకి అలవాటు లేకపోతే, కడుపు జారిపోతోంది కాబోలు, కడిగేద్దాం అనుకునే ప్రమాదముంది.

ఊరినుంచి మా ఆడబిడ్డ ఫోన్ చేసి, "ఇంక పిల్లలెలాగూ వద్దు కదా వదినా, సంచి తీయించేస్తే పీడా పోతుంది" అంది. మనవైపు ఇదొక అలవాటైపోయింది. తెల్లబట్ట అయినా, నడుం నొప్పి అయినా, నెలకి రెండుసార్లు వచ్చినా సంచి తీసేయడమే మందు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో నలభై నిండకుండానే తీయించేసుకుని, ఆ తర్వాత కాళ్ళు లాగేస్తున్నాయని మూలిగేవాళ్ళు ప్రతి వీధిలోనూ కనిపిస్తారు. నాకైతే అక్కర్లేనిదాన్ని కోసి పారేయడం ఇష్టం లేకపోయింది. డాక్టరమ్మ కూడా, "వారం చిన్నది, నీకు నొప్పి లేదు, బీపీ బాగుంది, కత్తి లేకుండా ప్రయత్నిద్దాం" అంది. అందరికీ ఇది కుదరదని కూడా చెప్పింది. రక్తస్రావం మొదలైపోయినా, వారాలు పెద్దవైనా లాప్రోస్కోపీతో ఆ చోటు కోసి తీసి మళ్ళీ కుట్టడమో, స్కానింగ్‌లో చూస్తూ సన్నగొట్టంతో లాగెయ్యడమో చేస్తారట. ఏది చెయ్యాలన్నది ఎవరి కడుపుని బట్టి వాళ్ళకి.

ఆగస్టు 2, శుక్రవారం. రక్తం, లివరు, కిడ్నీ పరీక్షలన్నీ అయ్యాయి. రెండు సంచుల రక్తం సిద్ధంగా పెట్టించారు. రక్తం ఆగకపోతే తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, గర్భసంచికి వెళ్ళే నాళాలు మూసే డాక్టరుగారిని కూడా పిలిపించి ఉంచారు. నా చేతికి ఒక కాగితం ఇచ్చారు. అందులో ఒక లైను, అప్పటికీ ఆగకపోతే ప్రాణం నిలపడానికి గర్భసంచి తీసేయడానికి ఒప్పుకుంటున్నాను అని. పెళ్ళినాటి నుంచి రేషన్ కార్డు దగ్గర్నుంచి బ్యాంకు దాకా మావారి సంతకం పక్కనే నాది. అక్కడ మాత్రం డాక్టరమ్మ "నీ సంతకమే కావాలి, నీ ఒళ్ళు కదా" అంది. పెన్ను చెయ్యి దిగలేదు కాసేపు.

మత్తు కొంచెమే ఇచ్చారు. లోపలి స్కానింగ్‌లో చూసుకుంటూ సన్నటి సూదిని నేరుగా ఆ పిండం తిత్తిలోకి పంపి, మొదట గుండె ఆగడానికి పొటాషియం క్లోరైడ్, తర్వాత మెథోట్రెక్సేట్ అనే మందు ఎక్కించారు. అదే మందు కండకి కూడా ఒక ఇంజక్షన్. మొత్తం అరగంట పట్టి ఉంటుంది. తెర నా వైపు తిప్పొద్దని ముందే బతిమాలుకున్నాను. అయినా డాక్టరమ్మ "అయిపోయిందమ్మా" అన్నప్పుడు ఏది అయిపోయిందో నాకు తెలిసింది.

ఆ మందు గురించి ఒక మాట చెప్పాలి, లేకపోతే నాకు నిద్రపట్టదు. మర్నాడు రౌండ్‌కి వచ్చిన డాక్టరమ్మ, మీ పుట్టిల్లు ఎక్కడమ్మా అని అడిగింది. భీమవరం పక్కన పల్లె అన్నాను. "అయితే ఈ మందు మీ ఊరివాళ్ళదే" అని నవ్వింది. యల్లాప్రగడ సుబ్బారావుగారు! నాకు ఒక్కసారి హైస్కూల్లో సైన్సు మాస్టారు గుర్తొచ్చారు. 1995లో సుబ్బారావుగారి నూరేళ్ళ సందర్భంగా తపాలా బిళ్ళ వేసినప్పుడు, మాస్టారు దాన్ని అట్టకి అతికించి క్లాసంతా తిప్పి చూపించారు. అప్పుడు నాకు అర్థమైంది ఒక్కటే, భీమవరంలో పుట్టినాయన అమెరికా వెళ్ళి పెద్దవాడయ్యాడని.

ఇప్పుడు అర్థమైంది ఇంకొంచెం. 1895లో పుట్టిన ఆయన, మద్రాసులో వైద్యం చదివి 1920ల్లో అమెరికా వెళ్ళి, 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరి పరిశోధనలు నడిపించారు. మనం కడుపుతో ఉన్నప్పుడు మింగే ఫోలిక్ యాసిడ్ ఉంది చూడండి, దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది ఆయన దగ్గర పనిచేసిన వాళ్ళే, 1945లో. నోరు పూసి, విరేచనాలై మనిషి చిక్కిపోయే స్ప్రూ అనే జబ్బు ఆయన అన్నదమ్ముల్ని తీసుకుపోయిందనీ, ఆయనకీ వచ్చి తగ్గిందనీ అంటారు. ఆ పట్టుదలే ఫోలిక్ యాసిడ్ దాకా నడిపించిందేమో. ఆ ఫోలిక్ యాసిడ్‌కి అచ్చం కవలల్లా ఉండి, దాని పని దాన్ని చెయ్యనివ్వని మందులు కూడా అక్కడే పుట్టాయి. మెథోట్రెక్సేట్ వాటిలో ఒకటి. గబగబా పెరిగే కణాలకి ఫోలిక్ యాసిడ్ కావాలి. అది అందకపోతే అవి పెరగలేవు. ముందు పిల్లల రక్త క్యాన్సర్‌కి ఇలాంటి మందు వాడారు, తర్వాత మావి క్యాన్సర్‌కి మెథోట్రెక్సేట్, 1982లో జపాన్ డాక్టర్లు దారి తప్పిన కడుపుకి వాడి చూశారు. సుబ్బారావుగారు అవేవీ పూర్తిగా చూడకుండానే 1948లో 53 ఏళ్ళకే పోయారు. నెలలు నిండాలని మింగే మాత్రా, నిండకూడని కడుపుకి ఇచ్చే సూదీ ఒకే చోట పుట్టడం ఏమిటో! మంచం మీద పడుకుని ఆ మాటే ఎన్నిసార్లు అనుకున్నానో.

ఇంటికి పంపించేటప్పుడు చెప్పిన పథ్యం వింటే మీరూ నవ్వుతారు. ఇన్నేళ్ళూ పిల్లల వెంటపడి, రక్తం పడుతుంది తినండ్రా అని కుక్కిన పాలకూర, తోటకూర, గోంగూర, శనగలు, పెసలు కొన్నాళ్ళు నేను ముట్టకూడదు! ఫోలిక్ యాసిడ్ కలిసిన బలం మాత్రలు అసలే వద్దు. మందు ఒకవైపు ఆపుతుంటే మనం ఇంకోవైపు అందించినట్టు అవుతుందట. ఎండలో తిరగొద్దు, నొప్పి అని ఏ మాత్ర పడితే అది మింగొద్దు, పారాసిటమాల్ తప్ప. మూడో రోజుకి నోరంతా పూసింది. చారన్నం కూడా మంట. వెన్న తీసిన మజ్జిగ అన్నంలో పిసుక్కుని, బీరకాయ మెత్తగా ఉడికించుకుని, పొట్లకాయ పాలు పోసి వండుకుని కాలక్షేపం చేశాను. ఆకుకూరలమ్మి గేటు దగ్గర నిలబడి, "ఏందమ్మా, నా మీద కోపమొచ్చిందా?" అని రోజూ అడిగేది.

అత్తగారికి ముందు నిజం చెప్పలేదు, గర్భసంచి బాగాలేదని మాత్రం అన్నాం. ఆవిడ ఊరినుంచి సంచీ నిండా మునగాకు దూసుకుని వచ్చారు. తినకూడదంటే ఎందుకో చెప్పాలిగా! చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. మునగాకు తీసుకెళ్ళి కింది పిన్నిగారికి ఇచ్చొచ్చారు. వారం తిరిగేసరికి వరలక్ష్మీ వ్రతం. నాకు ఇంకా రక్తస్రావం అవుతూనే ఉంది, పూజగది వైపు కూడా వెళ్ళలేదు. ఇది మైలా, పురుడా, ఏదీ కాదా? ఎవరినడిగితే చెప్తారు? అత్తగారే తలంటు పోసుకుని, నేను తోమిన చెంబుతోనే కలశం పెట్టి, అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని వ్రతం చేశారు. మడీ ఆచారమూ అంటే ప్రాణం పెట్టే మనిషి. పూజయ్యాక తడి చీరతోనే నా మంచం దగ్గరికి వచ్చి, నా కుడిచెయ్యి తీసుకుని తోరం కట్టారు. ఆవిడని నేను ఇన్నేళ్ళలో ఎన్ని అనుకున్నానో అవన్నీ ఆ ముడితో పోయాయి. పోనీ, కొన్ని పోయాయి!

ఇంక అసలు పరీక్ష ఎదురుచూడటం. కత్తి లేని వైద్యం కదా, అయిపోయినట్టే అనుకున్నాను. కాదు. కడుపులో మావి బతికున్నంతకాలం రక్తంలో బీటా హెచ్‌సీజీ అనే హార్మోను ఉంటుంది. అది 5 కంటే తగ్గేవరకూ పరీక్షలే. నా పాలలెక్క పుస్తకంలో, అర లీటరు, లీటరు అని రాసుకునే గడుల పక్కనే ఇంకో లెక్క మొదలుపెట్టాను. సూది వేసిన రోజు 18,400. నాలుగో రోజు 19,200! పెరిగిందే అని నాకు గుండె ఆగినంత పనైంది. మొదటి కొద్ది రోజులు అలా పెరగడం మామూలేననీ, నాలుగో రోజు నుంచి ఏడో రోజుకి ఎంత తగ్గిందన్నదే ముఖ్యమనీ డాక్టరమ్మ ఫోన్లో చెప్పింది. ఏడో రోజు 15,100. అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను. ఆ తర్వాత ప్రతి గురువారం మధురానగర్ మెట్రో ఎక్కి పోవడం, చెయ్యి చాపడం, సాయంత్రానికి అంకె రాసుకోవడం. 9,000. 4,300. 1,800. 640. 210. 62. 18.

రాత్రిపూట ఏ చిన్న పోటు వచ్చినా లేచి కూర్చునేదాన్ని. కళ్ళు తిరిగినా, గంటలో రెండు పెద్ద ప్యాడ్లు తడిసినా వెంటనే వచ్చెయ్యమన్నారు కదా. మావారు స్కూటర్ తాళం దిండు కింద పెట్టుకునే పడుకునేవారు. మందు ఖరీదు తక్కువే. పరీక్షలు, స్కానింగులు, తిరుగుళ్ళు, వాటికే ఖర్చంతా. ఇంటి దగ్గర ఆసుపత్రి లేనివాళ్ళు ఈ వైద్యానికి ఎలా ఒప్పుకుంటారా అని అనుకునేదాన్ని. వారం వారం రాలేనివాళ్ళకి, అర్ధరాత్రి పరిగెత్తి రాలేనివాళ్ళకి డాక్టర్లు దీన్ని చెప్పరట కూడా.

ఆ పరీక్షల మధ్య ఖాళీలోనే బుర్రలో పురుగు తొలిచేది. నేను వద్దనుకున్నాను, అందుకే అది ఉండాల్సినచోట ఉండలేదు అని. బైపీసీ చదివినదాన్నే, కారణం తెలిసినదాన్నే, అయినా! ఇంకో పురుగు 2008ది. 2004లో అబ్బాయికి నొప్పులు మొదలయ్యాక గుండె కొట్టుకోవడం తగ్గిపోతోందని హడావిడిగా కోశారు. ఆ కోత లేకపోతే వాడు లేడు, దాని గురించి నాకు ఏ బాధా లేదు. అమ్మాయి వేళకి మాత్రం పంతులుగారు మూడు ముహూర్తాలు రాసిచ్చారు, నేను మధ్యది ఎంచుకున్నాను. కొందరికి మొదటిది సిజేరియన్ అయినా రెండోది మామూలు కాన్పు కావచ్చట, నా విషయంలో వీలయ్యేదో కాదో మేము అడగనే లేదు. ఒక్క కోత చాలమ్మా ఇలా కావడానికి, రెండోదాని మీదే పెట్టుకోకు అని డాక్టరమ్మ సర్దిచెప్పింది. నిజమే కావచ్చు. కానీ 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో నూటికి 60కి పైగా సిజేరియన్లే, దేశంలో అన్ని రాష్ట్రాల కన్నా ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42. దేశం మొత్తానికి 21. అవన్నీ అవసరానికి చేసినవేనంటే నమ్మమంటారా? నక్షత్రం చూసుకుని కోయించుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టే అడుగుతున్నాను.

అక్టోబరు 3 గురువారం. బతుకమ్మ పండుగ రోజులు. సాయంత్రం ఫోన్ వచ్చింది, 5 కంటే తక్కువ అని. పుస్తకంలో రాసి, ఆకుకూరలమ్మిని కేకేసి నాలుగు కట్టలు తోటకూర కొన్నాను. పులుసు పెట్టాను. బెల్లం ఎక్కువైంది. అందరూ తిన్నారు, ఎవరూ ఏమీ అనలేదు.

కుట్ల దగ్గర మిగిలిన గడ్డ కరగడానికి ఇంకొన్ని నెలలు పట్టింది. 2020 సంక్రాంతి అయ్యాక చేసిన స్కానింగ్‌లో కనిపించలేదు. ఇలా వైద్యం అయ్యాక మళ్ళీ బిడ్డ కావాలనుకునే చిన్నవాళ్ళు కనీసం మూడు నెలలైనా ఆగాలట. తర్వాత ఎప్పుడు నెల తప్పినా మొదట్లోనే స్కానింగ్ చూపించుకోవాలి, మళ్ళీ అక్కడే నిలిచే అవకాశం కొంత ఉంటుంది కనక. నేను మావారికి ఆపరేషన్ చేయించాను. ఇద్దరు పిల్లల్నీ కోయించుకుని కన్నాను, ఈసారి మీ వంతు అన్నాను. నవ్వుతూనే వెళ్ళొచ్చారు.

ఇది రాయడానికి ముందు ఆ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి మళ్ళీ అడిగి రాసుకొచ్చాను. నాకు వైద్యం అయ్యాక 2020లో అమెరికాలోని తల్లీబిడ్డల వైద్యుల సంఘం ఒకటి సలహాలు రాసిందట. కుట్లలో నిలిచిన కడుపుని గీకి కడిగెయ్యడంతో సరిపెట్టొద్దనీ, మందుతో వైద్యం చేస్తే చేతికో తుంటికో ఇంజక్షన్ ఒక్కటే ఇచ్చి ఊరుకోకుండా పిండం తిత్తిలోకే మందు పంపాలనీ. "ఇంకేం రాయమంటారు మేడం?" అన్నాను. "సిజేరియన్ అయిన ఆడవాళ్ళని నెల తప్పగానే ఆ మాట డాక్టరుకి మొట్టమొదట చెప్పమని రాయి. ఆరేడు వారాలకి లోపలి నుంచి స్కానింగ్ చేయించుకోమను. ఉంచుకున్నా, వద్దనుకున్నా సరే, చూడకుండా మాత్ర వేసుకోవద్దను" అంది. రాశాను.

మా అమ్మాయికి ఇప్పుడు 17 దాటాయి, బైపీసీనే. మొన్న పాత పుస్తకాలు కాగితాలవాడికి వేద్దామని బయట పెడుతుంటే పాలలెక్క పుస్తకం తిరగేసి, "అమ్మా, పద్ధెనిమిది వేల నాలుగొందలు! ఒక్క నెలలో పాలవాడికి ఇంత బాకీ పడ్డామా?" అని పకపకా నవ్వింది. పక్కన కూర్చోబెట్టుకుని మొత్తం చెప్పాను. వ్రతం రోజు నానమ్మ పక్కన తను ఎందుకు కూర్చుందో కూడా చెప్పాను. చాలాసేపు ఆ అంకెల్ని వేలితో ఒక్కోటీ తడుముతూ ఉండిపోయింది. కాగితాలవాడు కింద కేకేస్తుంటే మిగతావన్నీ కట్ట కట్టి ఇచ్చేసి, ఆ ఒక్క పుస్తకం తన ఫిజిక్స్ పుస్తకాల మధ్య పెట్టుకుంది.